ఎవరి పక్కన నిలబడాలి

కిందటి వారం హ్యాంగ్‌సుక్‌ని నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. చేపల మార్కెట్టు కూడలిలో దీపం పచ్చగా మారింది. వెనకవాళ్ళు భుజాలు రాసుకుంటూ దాటిపోతున్నారు. ఆవిడ మాత్రం ముల్లంగి ఆకుల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఎదురుగా మేయరు ఎన్నికల్లో ఒకటో నంబరు అభ్యర్థి మేంగ్ తేషిక్ ప్రచార లారీ. తెల్ల చేతితొడుగులు తొడుక్కున్న ఆడపిల్లలు దాని ముందు పాటకి తగ్గట్టు చేతులూపుతూ ఆడుతున్నారు. లారీ మీద గోడంత తెర. ఆ తెర మీద మేంగ్ రెండు చేతులూ పట్టుకుని తల వంచి నిలబడిన ముసలాయన ఇంకెవరో కాదు, ఆవిడ భర్త గిబోం.

అందులో అంత గుండె ఆగిపోయే సంగతి ఏముందని కొత్తగా చదివేవాళ్ళకి అనిపించవచ్చు. ఉంది. మూడేళ్ళ కిందట, ఆగస్టు వానల్లో, చంగ్‌హే నగరంలో రైలు స్టేషను కింద నుంచి వెళ్ళే సొరంగం దారి నీళ్ళతో నిండిపోయింది. దారి మూసెయ్యవలసిన వాళ్ళు మూయలేదు. లోపల మునిగిపోయిన కార్లలో ఒకటి ఈ దంపతుల ఒక్కగానొక్క కూతురు సోల్‌మిది. ఆనాడు వరద ఏర్పాట్లన్నీ డిప్యూటీ మేయరుగా మేంగ్ చేతిలోనే ఉన్నాయి. అప్పట్నుంచీ పోయినవాళ్ళ కుటుంబాలన్నిటినీ ఒక సంఘంగా కూడగట్టి, సిటీ హాలు ముందు టెంటు వేసి, అధ్యక్షురాలిగా నడిపిస్తున్నది హ్యాంగ్‌సుక్. వాళ్ళ కేసుని ఫీజు తీసుకోకుండా వాదించిన లాయరు హా యున్‌జే ఇప్పుడు రెండో నంబరు మీద మేయరు పదవికే పోటీ చేస్తున్నాడు. వచ్చే బుధవారం పోలింగు. ఈ ఆదివారం సభలో హ్యాంగ్‌సుక్ హా పక్కన నిలబడి మాట్లాడాలి. అలా అని సంఘం తీర్మానించింది.

తీర్మానం తేలిగ్గా ఏమీ కాలేదు. టెంటులో పెద్ద గొడవే జరిగింది.

"హా లాయరు గెలిస్తే మన పేట పడగొట్టి అద్దాల మేడలు కడతాడట. నా చేపల బుట్ట ఎక్కడ పెట్టుకోను, వాడి నెత్తిన?" అంది ఓక్‌బున్ ముసలమ్మ. ఆవిడ కొడుకు ఆ సొరంగంలోనే పోయాడు.

"మనతో చలిలో కూర్చున్నాడు. ఇదే టెంటులో మనతోపాటు నూడిల్స్ తిన్నాడు," అన్నాడు టాక్సీ నడిపే తాక్.

"నూడిల్స్ తిన్నవాడికి ఓటేస్తారా? అయితే వండి పెట్టిన నాకెయ్యండి, నేనవుతాను మేయర్ని," అంది ఓక్‌బున్.

అందరూ నవ్వారు. పోయిన పిల్లల ఫొటోల ముందు నవ్వినందుకు మళ్ళీ వాళ్ళే తలలు దించుకున్నారు. కాసేపటికి తాక్ మెల్లగా అన్నాడు: "మేంగ్‌కి పని తెలుసు, అది ఒప్పుకోవాలి. నిరుడు వానలకి నగరంలో ఒక్క వీధీ మునగలేదు. కానీ వాడు మన కళ్ళలోకి చూడడు. హా చూస్తాడు. వాడివల్ల మనకి ఏం ఒరుగుతుందో ఏమో గానీ, చూస్తాడు."

ఆఖరికి అందరూ హ్యాంగ్‌సుక్ వైపు తిరిగారు. ఆవిడ ఒక్కటే మాటంది. "లాయరు గారు మనకి అబద్ధం చెప్పగా నేను వినలేదు. నాకది చాలు."

ఆ సమావేశానికి గిబోం రాలేదు. మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నాడు.

*

గిబోం లాండ్రీ దుకాణంలో ఎవరిదో కోటు ఇస్త్రీ చేస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా భార్యాభర్తలిద్దరూ నడిపిన దుకాణం అది. ముందు గదిలో ఆవిరి, సబ్బు వాసన. వెనక గదిలో కాపురం. తలుపు మీది గంట మోగగానే ఆయన తలెత్తాడు. ఆవిడ మొహం చూసి మళ్ళీ కోటు మీదికి వంగాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

హ్యాంగ్‌సుక్ సంచీ బల్ల మీద పెట్టింది. "తెర మీద బాగున్నారు. చొక్కా కూడా బాగా అమిరింది. పొద్దున దాన్ని ఇస్త్రీ చేసింది నేనే కదా. ఇంతకీ మోకాలికి ఏమన్నాడు డాక్టరు? ఎవడి ముందైనా వంచొచ్చు అన్నాడా?"

ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి వదిలింది.

"ఏం పెట్టారు అక్కడ మీకు?"

"బార్లీ టీ ఇచ్చారు," అన్నాడాయన. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండలేని మనిషి.

"బార్లీ టీ!" అంది ఆవిడ. "వాడి ఆఫీసు ముందు నిరసనగా గుండు కొట్టించుకున్నారు మీరు. మంచు పడుతుంటే ఆ బోడితలతో కూర్చున్నారు. నా ఉన్ని టోపీ పెడితే తీసి పారేశారు, 'నా కూతురికి లేని వెచ్చదనం నాకెందుకు' అని. ఆ తల మీద జుట్టింకా సరిగ్గా రానేలేదు. అప్పుడే అదే తల వాడికి వంచుతావా? నువ్వు మనిషివేనా?"

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన్ని 'మీరు' అని తప్ప పిలిచి ఎరగదు. ఆ 'నువ్వు' ఇద్దరికీ వినబడింది. గిబోం ఇస్త్రీపెట్టె నిలబెట్టి ప్లగ్గు తీసేశాడు.

"ఆదివారం నువ్వు ఆ సభకి వెళ్ళకు, సోల్‌మి అమ్మా."

"ఓహో. అదీ బార్లీ టీకి బదులు."

"అది కాదు."

"మరేది?"

"వాళ్ళ దగ్గర ఒక మనిషి ఉన్నాడు." ఆయన కోటుని హ్యాంగరుకి తగిలించాడు. తగిలించిన కోటునే మళ్ళీ తీసి మళ్ళీ తగిలించాడు. "కూ బోంగ్‌సూ అని. ఆ రోజు సొరంగం మొగలో ఎర్ర దీపం కర్ర పట్టుకుని నిలబడ్డది అతనే. నన్ను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ మనిషి... మన అమ్మాయి కారు ఆపాడట."

హ్యాంగ్‌సుక్ గోడ పట్టుకుంది. "ఆపాడా?"

"ఆపి, నీళ్ళొస్తున్నాయి వెనక్కి తిప్పుకోండి అన్నాడట. అమ్మాయి అద్దం దించిందట."

"దించి?"

"వద్దులే."

"దించి ఏమంది?"

"'అమ్మ ఎదురు చూస్తోంది, ఆలస్యమైతే తిడుతుంది' అందట. నవ్విందట. నవ్వేసి లోపలికి వెళ్ళిపోయిందట."

వరద వచ్చిన ఆ సాయంత్రం హ్యాంగ్‌సుక్ కూతురికి ఫోను చేసిన సంగతి ఈ లోకంలో ఆ ఇద్దరికే తెలుసు. మర్నాడు అత్తగారి తద్దినం. చేపముక్కలూ గుమ్మడిముక్కలూ పిండిలో ముంచి పెనం మీద వేయించడం అప్పటికే మొదలైంది. నడుము నొప్పి. విసుగు. "ఇంకా బయల్దేరలేదా? ఇదంతా నేనొక్కదాన్నే చెయ్యాలా? వానా లేదు గీనా లేదు, ముందు రా," అంది. అలా అన్నట్టు ఆవిడ సంఘంలో ఎవరికీ చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు. గిబోం పక్కనే ఉల్లికాడలు తరుగుతూ విన్నాడు. విన్నట్టు ఏనాడూ గుర్తు చెయ్యలేదు.

"సోమవారం ఆ మనిషిని టీవీలో కూర్చోబెడతామన్నారు," అన్నాడు గిబోం. "ఆపితే ఆగని పిల్ల తల్లి ఇప్పుడు రాజకీయాలు చేస్తోందని చెప్పిస్తారట. నేనొచ్చి మేంగ్ చేతులు పట్టుకుంటే వదిలేస్తామన్నారు. గదిలోనే అన్నారు. తెర మీద వేస్తామని చెప్పలేదు. ఊరు నన్ను ఉమ్మేసినా పడతాను. టెంటులో వాళ్ళు నా మొహం చూడకపోయినా పడతాను. నువ్వొక్కదానివి ఆ మాట వినకుండా ఉంటే చాలనుకున్నాను."

హ్యాంగ్‌సుక్ అక్కడే, ఇస్త్రీకొచ్చిన దుప్పట్ల మూట మీద కూలబడింది. ఏడవలేదు. చాలాసేపు తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంది. ఫోను పట్టుకున్న చెయ్యి అది.

"నవ్విందా?" అంది చివరికి.

"అలా అన్నాడు."

"ఇంకేమన్నారు వాళ్ళు?"

గిబోం తటపటాయించాడు. "హా లాయరుకి ఈ మనిషి సంగతి మొదట్నుంచీ తెలుసన్నారు."

*

రెండో నంబరు ఆఫీసు స్టేషను ఎదుట బాంకు పైన. మెట్ల మీదే పాట వినబడుతోంది. గోడల నిండా రంగు కాగితాలు, ఓటర్లు రాసి అంటించిన మంచిమాటలు. హ్యాంగ్‌సుక్‌ని చూడగానే కార్యకర్తలందరూ లేచి నిలబడి వంగి దణ్ణం పెట్టారు. ఎవరో జిన్‌సెంగ్ వేరు టీ తెచ్చారు. ఆవిడ తాకలేదు.

హా యున్‌జే లోపలి గదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. పొద్దుట్నుంచీ వీధివీధీ తిరిగి గొంతు బొంగురుపోయింది. బుగ్గన గొంతుబిళ్ళ.

"అక్కా! మీరే రావాలా, కబురు పెడితే నేను రానూ? బావగారి సంగతి చూశాను. బాధపడకండి. మనిషి అలిసిపోయాడు, వాళ్ళు వాడుకున్నారు. ఆదివారం మీరు మాట్లాడితే అంతా కొట్టుకుపోతుంది."

"కూ బోంగ్‌సూ ఎవరు, లాయరు గారూ?"

లేసు ముడి సగంలో ఆగింది.

"మీకు ఎవరు చెప్పారు?"

"'తెలియదు' అనలేదు మీరు," అంది హ్యాంగ్‌సుక్. కుర్చీ లాక్కుని కూర్చుంది. "అంటారేమోనని దారిపొడుగునా కోరుకుంటూ వచ్చాను. ఎవరండీ అతను, నాకు తెలియదే అనండి చాలు, నమ్మేస్తానని."

హా లేచి తలుపు మూశాడు. పాట సన్నబడింది.

"అతన్ని సాక్షిగా పిలిస్తే కేసు పోయేది, అక్కా. 'ఆపాం, వినలేదు' అని ఒక్క మాట అంటే చాలు, వాళ్ళ లాయర్లు దాన్నే పట్టుకుని వేలాడేవాళ్ళు. ఒక్కరు చేసిన పొరపాటుకి మిగతా కుటుంబాలన్నీ..."

"పొరపాటా?"

"నా ఉద్దేశం అది కాదు."

"మీ ఉద్దేశం అదే. మీ నోటికి తెలుసు, మీకే తెలియలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "నా కూతురు ఆఖరిసారి ఏమందో మూడేళ్ళుగా మీకు తెలుసు. నేను ప్రతి వర్ధంతికీ మీ పక్కన కూర్చుని, ఆఖర్న ఏమనుకుందో నా తల్లి అని ఏడుస్తుంటే, మీరు నా భుజం మీద చెయ్యి వేసేవారు."

"మిమ్మల్ని కాపాడాలనే అక్కా. అది విని ఉంటే మీరు నిలబడగలిగేవారా?"

"ఇంట్లో ఆయనా అదే మాటన్నాడు. నన్ను కాపాడేవాళ్ళు ఎక్కువైపోయారు." ఆవిడ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "ఆ మనిషిని మీరు కలిశారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా? ఇంత పెద్ద కేసులో, సొరంగం ముందు నిలబడ్డ మనిషిని మీరు ఒక్కసారి కూడా కలవలేదా?"

హా కిటికీ వైపు చూశాడు. కళ్ళలోకి చూసే మనిషని తాక్ మెచ్చుకున్నది ఈయన్నే. "కలవకపోవడమే మంచిదనిపించింది," అన్నాడు.

హ్యాంగ్‌సుక్ లేచింది. ఆమె తలుపు తీస్తుంటే వెనక నుంచి ఆ బొంగురు గొంతు, బతిమాలుతున్నట్టు: "ఆదివారం వస్తారు కదక్కా?"

ఆ మాట అనకుండా ఉండి ఉంటే, మెట్లు దిగేలోపు ఆవిడ అతన్ని క్షమించేదేమో.

*

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రేవుకి బస్సెక్కారు. అక్కడే చేపల ఎరలమ్ముతానని కూ గిబోంతో చెప్పాడు. హ్యాంగ్‌సుక్ రాత్రి నిద్రపోలేదు గానీ మొహంలో చిత్రమైన నెమ్మది ఉంది. పక్క సీట్లో గిబోం ఒళ్ళో టోపీ పెట్టుకుని దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎందుకు ఇప్పుడు మళ్ళీ? నేను చెప్పానుగా ఏమన్నాడో," అన్నాడు.

"నువ్వు చెబితే విన్నాను. ఆ మనిషి నోటితో వినాలి." రాత్రి వచ్చిన 'నువ్వు' తెల్లారినా పోలేదు. కానీ అందులో కోపం పోయింది. "అది సోల్‌మి ఆఖరి మాట. నా మాట. మేంగ్ దగ్గర ఒకటి, హా దగ్గర ఒకటి, ఎన్నికలకి వాడుకునే సరుకులా పడి ఉండకూడదు. నేను వెళ్ళి తెచ్చుకుంటాను. తెచ్చుకుని ఆదివారం స్టేజీ ఎక్కి నేనే చెప్పేస్తాను. నేను రమ్మన్నాను, అందుకే వెళ్ళింది అని. ఇక ఎవడూ నిన్ను పిలిచి టీ ఇవ్వడు."

"జనం ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు? నేను మూడేళ్ళుగా నాతో అనుకుంటున్నదే అంటారు."

కిటికీ అవతల సముద్రం కనిపించింది. కాసేపాగి ఆవిడే మళ్ళీ అంది: "రాత్రంతా ఆ నవ్వే కళ్ళముందు ఆడింది. నీళ్ళలో ఎలా ఉందోనని తప్ప, దానికి ముందు ఎలా ఉందోనని ఇన్నాళ్ళూ అనుకోనేలేదు. నవ్విందటగా. భయపడుతూ వెళ్ళలేదు. నేను తిడతానని నవ్వుకుంటూ వెళ్ళింది. అదొక్కటైనా దక్కింది."

గిబోం మొహం అటు తిప్పేసుకున్నాడు.

అలలు ఆపే గోడ పక్కన వరసగా చేపల ఎరలమ్మే బడ్డీలు. చివరి బడ్డీలో రబ్బరు బూట్లు తొడుక్కున్న సన్నటి మనిషి చెక్కపెట్టెలో ఎర్రటి సముద్రపు పురుగుల మీద తడి రంపంపొట్టు చల్లుతున్నాడు. గిబోంని చూడగానే లేచి నిలబడ్డాడు. పక్కనున్న ఆవిణ్ణి చూసి ఎవరో పోల్చుకున్నాడు. ఈ నగరంలో ఆ మొహం తెలియనివాళ్ళు లేరు.

"నేను సోల్‌మి తల్లిని," అంది హ్యాంగ్‌సుక్.

కూ బోంగ్‌సూ చేతులు బూట్ల పైన లాగుకి తుడుచుకుని లోతుగా వంగాడు. ఆ తరవాత, ఎవరూ అడగకముందే, గడగడా మొదలుపెట్టాడు: "నేను ఆపానమ్మా. నీళ్ళొస్తున్నాయి వెనక్కి తిప్పుకోండి అన్నాను. అద్దం దించింది. అమ్మ ఎదురు చూస్తోంది, ఆలస్యమైతే తిడుతుంది అంది..."

"నేను తగువుకి రాలేదు బాబూ. కూర్చో." ఆవిడ తలకిందులుగా బోర్లించిన బుట్ట మీద తనే కూర్చుంది. "నువ్వు ఆపినందుకు నీకు దణ్ణం పెడదామని వచ్చాను. ఆ రోజు దాన్ని ఆపాలనుకున్నది నువ్వొక్కడివే. దాన్ని ఆఖరుగా చూసింది నువ్వే. నాకు కాస్త చెప్పు. అద్దం దించినప్పుడు ఎలా ఉంది? అలిసిపోయినట్టుందా?"

కూ నోరు తెరిచి మూశాడు.

"జుట్టు ముడేసుకుందా, వదిలేసుకుందా? అప్పుడే కత్తిరించుకున్నానని ఫోన్లో అంది, ఎలా ఉందో నేను చూసుకోలేదు. నప్పిందా?"

"చీకటిగా..."

"కారులో దీపం వేసి ఉంటుంది కదా, నీతో మాట్లాడటానికి. అది అంతే, ఎవరితో మాట్లాడినా మొహం కనబడాలనుకుంటుంది. నవ్వినప్పుడు ఎడమ బుగ్గ మీద..." ఆవిడ తన బుగ్గ మీదే వేలు పెట్టి చూపించింది. "కొంచెం చెప్పు బాబూ. నువ్వు చెప్పింది చెప్పినట్టు దాచుకుంటాను."

కూ చేతిలోంచి రంపంపొట్టు జారిపోయింది. అతను నెమ్మదిగా తడినేల మీదే మోకాళ్ళమీద కూర్చున్నాడు. నుదురు నేలకి ఆనేదాకా వంగాడు.

"నేను చూడలేదమ్మా."

"ఏమిటి?"

"మీ అమ్మాయిని నేను చూడనేలేదు. ఆ టైముకి నేనక్కడ లేను."

గిబోం ఒక్కడుగు ముందుకేశాడు. "ఏం కూస్తున్నావురా? మొన్న నా ఎదురుగా కూర్చుని..."

"వాళ్ళు చెప్పమన్నది చెప్పానయ్యా! ఆ మాటలు నావి కావు. ఫోను కంపెనీ కాగితాల్లో తల్లి చేసిన ఫోను చూశారట, దాన్నిబట్టి ఇలా చెప్పు అన్నారు. నా కొడుకు సిటీ బస్సు నడుపుతాడు, వాడి ఉద్యోగం ఉండదన్నారు." అతను తలెత్తలేదు. మాటలు నేలకి చెబుతున్నట్టు వస్తున్నాయి. "సాయంత్రం నుంచీ నిలబడ్డ మాట నిజం. కనబడ్డ కారుకల్లా దీపం ఊపి వెనక్కి పంపాను. నీళ్ళు మోకాలిదాకా వచ్చాయి. అప్పుడు ఫోనొచ్చింది. పెద్దవాళ్ళ కారొకటి హార్బరు హోటల్లో విందు నుంచి వస్తూ చౌరస్తాలో ఇరుక్కుపోయింది, ముందు వచ్చి దాన్ని బయటకి పంపించు, నీ చోటికి ఇంకొకర్ని పంపుతున్నాం అన్నారు. వెళ్ళాను. వెళ్ళకూడదని తెలుసు. వెళ్ళాను. కారుని తోశాను, దారి చూపించాను. తిరిగొచ్చేసరికి నా చోట ఎవరూ లేరు. సొరంగం పైకప్పుదాకా నీళ్ళు."

హ్యాంగ్‌సుక్ కదల్లేదు.

ఎవరూ ఆపలేదు. ఆపితే ఆగని పిల్ల కాదు తన కూతురు. ఆపేవాడు లేక వెళ్ళిన పిల్ల. ఆ మాట వింటే గుండెల మీంచి బరువు దిగుతుందని ఎవరైనా అనుకుంటారు. బరువు దిగలేదు. ఫోను చేసింది తనే, 'ముందు రా' అన్నది తనే. అది ఎక్కడికీ పోలేదు. పోయింది ఇంకొకటి. అద్దం దించలేదు. దీపం వెయ్యలేదు. నవ్వలేదు. నిన్న సాయంత్రం వచ్చి ఒక్క రాత్రి తన పక్కన పడుకున్న ఆ నవ్వు ఎన్నికల ఆఫీసులో ఎవరో కూర్చుని అల్లింది.

ఆవిడ నోట్లోంచి సన్నటి మూలుగులాంటిది వచ్చింది. గిబోం పక్కన కూలబడి ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకున్నాడు. టెంటు వేసినప్పట్నుంచీ, ఎంతమంది ముందు ఏడ్చినా, వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడవడం ఇదే మొదలు. పక్క బడ్డీవాళ్ళు ఇటు చూసి, చూడనట్టు పనుల్లో పడ్డారు.

చాలాసేపటికి ఆవిడ తేరుకుంది. కళ్ళజోడు సర్దుకుంది.

"లే బాబూ," అంది కూతో. "నీ కొడుక్కి ఏమీ కాకుండా నేను చూస్తాను. ఒక్కటి చెప్పు. నా కూతురి ముందు నిలబడవలసిన నిన్ను ఎవరి కోసం పిలిచారు? ఆ కారు ఎవరిది?"

కూ లేచి నిలబడ్డాడు. నోటితో పేరు చెప్పలేనట్టు పెదాలు బిగించాడు. రోడ్డుకి అవతల బడి ప్రహరీ గోడ. దాని మీద ఎన్నికల సంఘం అంటించిన మేయరు అభ్యర్థుల పోస్టర్లు వరసగా, నంబర్ల ప్రకారం, గాలికి అంచులు కొట్టుకుంటూ ఉన్నాయి. అతను అటు తిరిగాడు. చెయ్యెత్తి ఒకటో నంబరు పోస్టరుని చూపించాడు. మేంగ్ తేషిక్.

"అనుకున్నదే," అన్నాడు గిబోం పళ్ళు కొరుకుతూ. "వాడి కారు కోసమా! వాడి కారు కోసం నా బిడ్డని..."

హ్యాంగ్‌సుక్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ గోడ వైపు చూడటం లేదు. కూ చెయ్యి వైపు చూస్తోంది. ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

"వెనక సీట్లో ఇద్దరున్నారమ్మా," అన్నాడు కూ. "ఈయన అద్దం కూడా దించలేదు. పక్కనున్నాయనే దించాడు. మంచి మనిషి, వానలో తడుస్తున్నానని తన గొడుగు నా చేతికిచ్చాడు. 'నీ చోట ఎవరైనా ఉన్నారా?' అని కూడా అడిగాడు. లేరన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తరవాత అద్దం ఎత్తేసుకున్నాడు."

అతని వేలు మెల్లగా పక్కకి జరిగి, రెండో నంబరు మీద ఆగింది.

పోస్టరులో హా యున్‌జే సూటిగా ఆవిడ కళ్ళలోకే చూస్తున్నాడు. కింద పెద్ద అక్షరాలు: ఎప్పుడూ మీ పక్కనే.